బందరున ఖైరున్నిసా బేగము



నేటి ప్రసంగమునకు విషయము మన బందరు చరిత్రలోని యొక చిన్న అధ్యాయము. ఇందు దండయాత్రలు లేవు, కోటల ముట్టడులు లేవు. ఒక బాలిక యున్నది. ఆమె వలచిన పరదేశీయు డొకడున్నాడు. వారి నడుమనున్న గీత దాటబడినప్పుడు పెద్దలు జరిపిన విచారణ యున్నది. ఆ విచారణ వలన నెవరెవరు ఏమేమి కోలుపోయిరో ఆ లెక్కయు నున్నది.

ఈ విషయము నేల యెన్నుకొంటి ననగా, గుడివాడ ప్రాంతమునగాని, దివిసీమలోగాని, బందరు చుట్టుపట్ల పల్లెలలోగాని నలుగురు పెద్దలు రచ్చబండకడ కూడినచో నేడు తప్పక వచ్చు మాట యొకటి కలదు. పిల్లల చేతులకు సెల్‌ఫోనులు వచ్చినవి. ఇన్‌స్టాగ్రాములో పరిచయము, వాట్సాపులో సంభాషణ, పదియవ తరగతి దాటకమున్నే ప్రణయము. కులము చూడరు, కలిమి చూడరు, మతము చూడరు. లోకము చెడినది, అని. ఈ మాటలోని వ్యథను నేను తేలిక చేయను. ఆ వయసు పిల్లలకు ముప్పదియైదేండ్లు పాఠము చెప్పినవాడను. కాని యిది నేడు పుట్టిన తెగులు అనుమాటను మాత్రము చరిత్ర యొప్పుకొనదు. సెల్‌ఫోను లేని కాలమున, వాకిట కావలియు, లోపల పరదాయు నున్న ప్రభువుల యింటనే యిది జరిగినది. ఆ కథలోని కడపటి దుఃఖమునకు మన బందరు సాక్షి.

ముందుగా బందరును గూర్చి రెండు మాటలు. మచిలీపట్టణము గోలకొండ సుల్తానులకు ముఖ్యమైన రేవు. పారసీకులు, అరబ్బులు ఇచ్చట వర్తకము చేసిరి. 17వ శతాబ్ది తొలియేండ్లలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు మన అద్దకపు బట్టలకై వచ్చి నెలకొనిరి. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు ఫ్రెంచివారి నుండి బందరుకోటను పట్టుకొనెను. అది మొదలు ఈ సీమ ఆంగ్లేయుల వశమయ్యెను. ఇట్టి రేవులో నానాజాతుల మనుష్యులు పక్కపక్కన నివసించుచుండగా హృదయములు మాత్రము వేఱువేఱు గోడలలో నిలుచునా? నిలువలేదు. తొలిదినములలో నిలువవలెనని కంపెనీ కోరనులేదు. 1687లో లండనునందలి కంపెనీ డైరెక్టర్లు మదరాసునకు వ్రాసిన యుత్తరములో, తమ సిపాయిలు ఈ దేశపు స్త్రీలను వివాహమాడుటను ప్రోత్సహింపుడనియు, అట్లు పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానము చేయించిననాడు తల్లికి ఒక వరహా బహుమాన మిమ్మనియు నుత్తరువు చేసిరి.

నూఱేండ్లు గడచెను. 1791లో అదే కంపెనీ, తల్లిదండ్రులలో నొకరు ఈ దేశస్థులైనవారికి తమ దొరతనపు కొలువులలోగాని సైన్యములోగాని అధికారపదవులు లేవని శాసించెను. రక్తము మాఱలేదు, మనుష్యులు మాఱలేదు. మఱి మాఱిన దేమి? 1687లో కంపెనీవారు వర్తకులు. వారికి జనబలము కావలసియుండెను. 1791 నాటికి వారు పాలకులైరి. పాలకునకు పాలితునకు నడుమ దూరము కావలసివచ్చెను. కావున ఒకప్పుడు బహుమానము పొందిన పనియే మఱొకప్పుడు దోషమయ్యెను. మనుష్యుల నడుమ గీతలు దేవుడు గీసినవని మనమనుకొందుము. పెక్కు గీతల క్రింద పరికించి చూచినచో ఎవరిదో అవసరము కనబడును.

ఇక కథకు వత్తము. హైదరాబాదులో నిజాము అలీఖాను రాజ్యము చేయుచున్న కాలము. ఆయన దర్బారున కంపెనీ ప్రతినిధిగా, అనగా రెసిడెంటుగా, జేమ్సు అఖిలీసు కిర్క్‌పాట్రిక్కు అను దొర యుండెను. ఇతడు 1764లో మదరాసులోనే పుట్టినవాడు. పారసీభాష నేర్చినవాడు, ఈ దేశపు దుస్తులు ధరించి, ఇచ్చటి మర్యాదలు పాటించి, నిజాము ప్రేమకు పాత్రుడై ‘హష్మత్‌జంగు’ అను బిరుదు పొందెను. ఆ నగరములోనే ఇరాను నుండి వచ్చిన సయ్యదుల వంశమొకటి యుండెను. ఆ వంశమువాడే మీర్ ఆలము. ఆయన బంధువు బాకరు అలీఖానునకు ఖైరున్నిసా అను మనుమరాలు. స్త్రీలలో శ్రేష్ఠురాలని ఆ పేరునకు అర్థము. ఆమెకు తండ్రి లేడు. తల్లి షరఫున్నిసా బేగము. సయ్యదుల యింటి పిల్లను అన్యవంశజునకే యీయరు, అన్యమతస్థునిమాట చెప్పనేల. అదియునుగాక ఒక గొప్ప యింటి యువకునితో ఆమెకు వివాహము నిశ్చయమై యుండెను.

1798 డిసెంబరులో ఆమె యక్క వివాహము జరిగెను. ఆ యుత్సవమునకు రెసిడెంటు అతిథిగా వచ్చెను. పరదాచాటు నుండి ఖైరున్నిసా అతనిని చూచెను. అప్పటికి ఆమెకు పదునాలు గేండ్లు మించవు. అతనికి ముప్పదినాలుగు. తరువాత జరిగినదానిని ఎవరికి తోచినట్లు వారు చెప్పుకొనిరి. బాలికయే వలచి, తల్లి సాయముతో అతని యిల్లు చేరెనని కిర్క్‌పాట్రిక్కు తన అన్నకు వ్రాసికొనెను. రెసిడెంటు బలాత్కారము చేసెనని నగరములో వదంతి పుట్టెను. అన్నిటికంటె నిశ్చితమైన దొక్కటి: 1801 మార్చి 4వ తేదీన ఆమెకు కుమారుడు కలిగెను. అంతకు ముందో ఆ ప్రాంతముననో కిర్క్‌పాట్రిక్కు మహమ్మదీయ విధిప్రకారము ఆమెను రహస్యముగా వివాహమాడెను. 1802 ఏప్రిలులో ఒక కుమార్తె కలిగెను. పిల్లలకు సాహెబు ఆలము, సాహెబు బేగము అని పేర్లు.

ఇచ్చట నొక్క క్షణ మాగి ఆలోచింపుడు. ఈ కథను గొప్ప ప్రేమకథగా వర్ణించువారు కలరు. వారిరువురి నడుమ ప్రేమ లేదని నేననను. కిర్క్‌పాట్రిక్కు జీవించినంతకాలము ఆమెను విడువలేదు, వేఱు వివాహము చేసికొనలేదు. కాని పదునాలుగేండ్ల బాలికకును, సైన్యము వెనుకనున్న ముప్పదినాలుగేండ్ల అధికారికిని నడుమ బలము సమానమా? గీత దాటునప్పుడు ఇరువురును దాటిరి. దాటిన పిమ్మట పడినప్పుడు ఎంత లోతునకు పడుదురో అది యిరువురికి నొక్కటి కాదు. ఈ భేదమే నేటి నా ప్రసంగమునకు ప్రాణము.

వార్త దాగలేదు. ఆ కాలమున ప్రతి దర్బారులోను అఖబారునవీసులని వార్తాలేఖకులుండిరి. ఏ హవేలీలో ఎవరు తుమ్మినను సాయంకాలమునకు కాగితమెక్కి పూనాకును కలకత్తాకును పోవుచుండెడిది. ఫోనులో నొక చిత్రము ఊరంతయు తిరుగుటను చూచి మన మిప్పుడు విస్తుపోవుచున్నాము. ఆనాడు ఆ పనిని కలము చేసెను, గుఱ్ఱము చేసెను. వేగము పెరిగినది, వినోదము పాతదే. కలకత్తాలో గవర్నరు జనరలు వెల్లెస్లీ విని విచారణ చేయించెను. 1801లో మఱల విచారణ. ఈ రెండవసారి మదరాసులో గవర్నరు క్లైవు ప్రభువు సమక్షమున ఇర్వురు సైన్యాధికారులు ప్రమాణము చేసి సాక్ష్యమిచ్చిరి. వారిని అడిగిన ప్రశ్నలన్నియు రాజ్యమునకు సంబంధించినవి. రెసిడెంటు నిజాము పక్షమునకు ఒఱగెనా? కంపెనీ పరువునకు భంగము కలిగెనా? హైదరాబాదు ప్రభువులు కోపించిరా? సాక్ష్యము అతనికి ప్రతికూలముగా లేకపోవుటచే రెసిడెంటు పదవి నిలిచెను. ఆ విచారణ జరిగిన గదిలో బాలిక లేదు. ఆమెకేమి కావలెనను ప్రశ్నకు ఆ విచారణలో చోటు లేదు. పెద్దల విచారణలు పెక్కింటికి ఇదియే లక్షణము. గౌరవమును గూర్చి గంటలకొలది మాటలాడుదుము, మనిషినిగూర్చి మఱతుము.

నాలుగేండ్లు సుఖముగా గడచెను. మూసీయొడ్డున కోఠీలో కిర్క్‌పాట్రిక్కు గొప్ప రెసిడెన్సీ భవనమును కట్టింప మొదలిడెను. పరదాలోనుండు బేగము ముందువైపు భవనమును చూడజాలదు గనుక, దాని యంతటి స్వరూపమును చిన్నదిగా చేయించి అంతఃపురపు తోటలో నిలిపించెనని చెప్పుదురు. ఆ రెసిడెన్సీలోనే తరువాతికాలమున ఉస్మానియా మహిళా కళాశాల వెలసినది. అది నేడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయము. ఆడపిల్లలు చదువుకొనుచోటయ్యెను గనుక ఆ నేల కొంత ఋణము తీర్చుకొన్నదని నేను తలంతును.

1805లో కథ విఱిగెను. పిల్లలను ఇంగ్లండునకు పంపి అచ్చట పెంచవలెనని తండ్రి నిశ్చయించెను. మిశ్రసంతానమునకు ఈ దేశమున కంపెనీ కొలువు లేదని యిదివఱకే చెప్పితిని. ఇంగ్లండులోనైన గౌరవముగా బ్రతుకుదురని అతని తలంపు. మదరాసులో చిన్నరీ అను చిత్రకారుడు ఆ పిల్లలిరువురి చిత్తరువును రచించెను. సెప్టెంబరులో ఓడ బయలుదేరెను. కుమారునకు నాలుగున్నరయేండ్లు, కుమార్తెకు మూడు. ఒక నెల గడచునంతలో అక్టోబరు 15వ తేదీన కిర్క్‌పాట్రిక్కు రాచకార్యముపై పోయి కలకత్తాలో జబ్బుపడి మరణించెను. పందొమ్మిదేండ్ల ఖైరున్నిసా హైదరాబాదులో నుండగనే బిడ్డలు సముద్రముమీద, భర్త సమాధిలో. పిల్లలకు లండనులో విలియం జార్జి అనియు, కేథరిను అరోరా అనియు జ్ఞానస్నానము చేసి పేర్లు పెట్టిరి. తల్లి పెట్టిన పేర్లు అంతటితో పోయినవి.

భర్త సమాధిని చూచుటకై తల్లితో గూడ ఆమె 1806లో కలకత్తాకు పోయెను. అచ్చట ఆమె వ్యవహారములు చూచినవాడు, కిర్క్‌పాట్రిక్కు క్రింద పనిచేసిన హెన్రీ రస్సెలు అను యువకుడు. సహాయము స్నేహమయ్యెను, స్నేహము ప్రణయమయ్యెను. మఱల వదంతి పుట్టెను. అప్పటికి హైదరాబాదు దివాను మీర్ ఆలము. కిర్క్‌పాట్రిక్కుతోడి పాతపగ అతని మనసులో నుండెను. ఆమె హైదరాబాదులో అడుగుపెట్టగూడదని అతడు నిషేధించెను. కంపెనీ పెద్దలు దివానుతో తగవు పెట్టుకొనుటకు ఇష్టపడలేదు. ఇట్లు 1807లో తల్లీకూతుండ్రకు మిగిలిన చోటు మచిలీపట్టణము.

ఇచ్చటికే యేల? బందరు ఆంగ్లేయుల యేలుబడిలో నున్నది; నిజాము రాజ్యమునకు వెలుపలిది. హైదరాబాదు నుండి సముద్రమునకు దారితీయు పాతబాట చివర నున్నది. ఊరికి దూరముగా, బురదనేలల నడుమ, కట్టమీదుగా పోయి చేరవలసిన కోట, ఉప్పుగాలి, వేసవి యెండ. రాజభవనమున పెరిగిన స్త్రీకి ఇది పరాయి నేల. మాటలాడుటకు తన భాష వచ్చినవారు కొలదిమంది. రస్సెలు తొలుత కొన్నాళ్లు రాకపోకలు సాగించెను, ఉత్తరములు వ్రాసెను. పిమ్మట మదరాసు చేరెను. 1808 అక్టోబరులో అచ్చట జేను కాసమజారు అను దొరసానిని వివాహమాడెను. బందరులో ఎదురుచూచుచున్న ఖైరున్నిసా బేగమునకు రెండవ మాఱు లోకము చీకటియయ్యెను.

రస్సెలు కేమయ్యెను? 1811లో అతడు హైదరాబాదు రెసిడెంటయ్యెను! కిర్క్‌పాట్రిక్కు కూర్చున్న పీఠముననే కూర్చుండెను. తొమ్మిదేండ్లు ఆ పదవి వహించి, ధనవంతుడై యింగ్లండున కేగెను. మీర్ ఆలము గతించిన తరువాతగాని ఖైరున్నిసాకు స్వస్థలమునకు దారి దొఱకలేదు. వచ్చి, 1813 సెప్టెంబరు 22వ తేదీన, ఇరువదియేడేండ్ల వయసున మరణించెను. గీత దాటిన నేరము ఒక్కటియే యైనచో, ఒకనికి రెసిడెన్సీయు, ఒకతెకు ప్రవాసమును ఎట్లు వచ్చెను? నేరము గీతదికాదు, బలహీనతది. ఎవరికి దిక్కు లేదో వారినే ఊరు వెడలగొట్టుదురు.

ఇదే కాలమున బందరులోనే మఱొక ప్రణయకథ ముగిసెను. సెయింటు మేరీ చర్చిని మీలో పెక్కుమంది చూచియుందురు. 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సను అను స్త్రీ సమాధి అందు కలదు. ఆ చర్చిని కట్టించినవాడు మేజరు జనరలు జాన్ పేటరు అను దండనాయకుడు. ఆమెను అతడు ప్రేమించెననియు, పెండ్లికి అడ్డంకులు వచ్చెననియు, ఆమె చనిపోగా క్రైస్తవమతాధికారి పవిత్రభూమిలో ఖననమున కంగీకరింపలేదనియు, అప్పుడు అతడు ఆమె సమాధిమీదనే దేవాలయము కట్టించెననియు జనశ్రుతి. ఆమె దేహమును సుగంధద్రవ్యములతో కాపాడి గాజుపెట్టెలో నుంచెనని, మీట నొక్కగా ఆమె లేచి నిలుచుచుండెడిదని కూడ పిల్లలకు కథ చెప్పుదురు. కథలోని చమత్కారము నటుంచుడు. ఇరువురును తెల్లవారే, ఇరువురును క్రైస్తవులే. అయినను వారి నడుమ గీత యొకటి యుండెను. జాతిగీత లేనిచోట తరగతిగీత, అదియు లేనిచోట మఱొకటి. గీతలకు కొదువ లేదు. ఆ స్త్రీకి మాత్రము ఆమెను ప్రేమించినవాడు తలయెత్తి నిలిచెను గనుక, రెండువందల యేండ్ల పిదపయు పేరు నిలిచియున్నది. ఖైరున్నిసా బేగము మన యూరిలో నివసించినదని తెలుపు ఫలకమైనను నే నెచ్చటను చూడలేదు.

జ్ఞాపకము లేనిచోట జనుల నోట ఏమి మిగులునో తెలిసికొనవలెనన్న దివిసీమలోని ఘంటసాలకు పొండు. అచ్చటి గొప్ప బౌద్ధస్తూపపు దిబ్బను, 19వ శతాబ్ది చివర త్రవ్వి దాని నిజస్వరూపము తెలిసికొనువఱకును, జనులు ఒక పతితస్త్రీ పేర పిలుచుచుండిరి. ఆ మాట నిచ్చట ఉచ్చరింపను, మీరెఱిగినదే. కృష్ణకు ఆవలి భట్టిప్రోలు స్తూపమునకును అదే పేరు. భిక్షువులను మఱచితిమి, శిల్పులను మఱచితిమి, వర్తకుల దానములను మఱచితిమి. తెలియని మన్నుదిబ్బకు మనకు తోచిన పేరు ఒక స్త్రీమీది అపవాదు. నేడు గ్రామములో ఒక బాలికను గూర్చి వదంతి పుట్టినప్పుడు, నిజము త్రవ్వకమున్నే మనము పెట్టు పేర్లును ఇట్టివే గదా.

మన పురాణము లీ కష్టమును బాగుగా నెఱుగును. శకుంతలను తలపుడు. ఆశ్రమమున పెరిగిన బాలిక, దేశమేలు రాజు, గాంధర్వవివాహము, సాక్షి లేడు. నిండుకొలువులో ఆమె బిడ్డతో నిలుచున్నప్పుడు రాజు నే నెఱుగననెను. మహాభారతకథలో అప్పుడు ఆకాశవాణి పలికి సాక్ష్యమిచ్చెను. ఖైరున్నిసాకు అట్టి ఆకాశవాణి పలుకలేదు. ఆమె వివాహమును కంపెనీ యొప్పుకొనలేదు. భర్త తన మరణశాసనమున సయితము బిడ్డలను ధర్మసంతానమని చెప్పుకొనజాలక పోయెను. రహస్యవివాహము ప్రేమకు చాలునేమో కాని ఆపదకు చాలదు. సాక్షులు కావలెను, పత్రము కావలెను, పదిమంది యెదుట ఇతడు నావాడని చెప్పుకొను హక్కు కావలెను. వీనిని ఇయ్యగలవారు పెద్దలే.

ఆ కుటుంబపు కడపటి మాటయు చెప్పవలెను. కుమారుడు 1828లో మరణించెను. కుమార్తె కిట్టీ పేర పెరిగి పెద్దదయ్యెను. సుప్రసిద్ధ రచయిత కార్లైలు ఆమెను చూచి మోహితుడయ్యెననియు, తన గ్రంథములోని యొక నాయికకు ఆమెయే మూలమనియు పెక్కుమంది చెప్పుదురు. 1829లో ఆమె ఫిలిప్సు అను సైన్యాధికారిని వివాహమాడెను. ఒకనాడు రస్సెలు ఇంటికి పోగా అచ్చట గోడమీద తానును తన అన్నయు నున్న చిన్నరీ చిత్తరువు కనబడెనట! ఆ పిమ్మట 1841 ప్రాంతమున హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకను జీవించియున్నదని తెలిసికొని ఉత్తరము వ్రాసెను. ముప్పదియైదేండ్ల పిమ్మట! ఆమె యింగ్లీషులో వ్రాయును; ఈమె పారసీలో చెప్పి వ్రాయించును; నడుమ నొక అధికారి అనువాదము చేయును. అమ్మమ్మ తన కూతురు తలవెండ్రుకల పాయను మనుమరాలికి పంపెను. ఒకరినొకరు మఱల చూడకయే 1847లో అమ్మమ్మ గతించెను. 1889లో ఇంగ్లండున కిట్టీ గతించెను. ఈ యుత్తరములు, రస్సెలు కాగితములు భద్రముగా నుండబట్టియే 2002లో డాల్రింపిలు అను చరిత్రకారుడు ఈ కథనంతయు గ్రంథముగా వ్రాయగలిగెను. మన బందరు ప్రవాసము లోకమునకు తెలిసినది దానివలననే.

సరి, ఇది దొరల కథ, నవాబుల కథ. మా పల్లెకేమి పనియందురేమో. మన జిల్లాలో పెద్దలు వేఱుగా నడచుకొన్న చరిత్రయు కలదు. బందరు హిందూ కళాశాలలో అధ్యాపకులుగా నుండి, తమ నాస్తికభావముల కారణముగా ఉద్యోగము కోలుపోయిన గోపరాజు రామచంద్రరావుగారు, అనగా గోరాగారు, 1940లో ముదునూరు చేరి నాస్తికకేంద్రము స్థాపించిరి. బ్రాహ్మణకుటుంబమున పుట్టిన ఆయన తన పెద్దకుమార్తె మనోరమగారిని, అస్పృశ్యులని చెప్పబడిన కులమున పుట్టిన అర్జునరావుగారికిచ్చి వివాహము చేయ సంకల్పించిరి. గాంధీమహాత్ముడు కొంతకాల మాగుడని చెప్పి, సేవాగ్రామములో తానే ఆ వివాహము జరిపింతునని మాటయిచ్చెను. ఆయన హత్య జరిగిన పిమ్మట, 1948 మార్చిలో, సేవాగ్రామముననే ఆ వివాహము జరిగెను. 1960లో గోరాగారి కుమారుడు లవణంగారు మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె హేమలతగారిని వివాహమాడిరి. గోరాగారి నాస్తికత్వముతో నాకు పొత్తులేదు, ప్రతిదినము సంధ్యవార్చువాడను. కాని ఆ పని తీరును గమనింపుడు. వయసు వచ్చినవారు, తొందరలేదు, దాపఱికము లేదు, తండ్రి పక్కన నిలిచెను. గీతను పిల్లలు చీకటిలో దాటలేదు. పెద్దలు పగటివేళ చేయిపట్టుకొని దాటించిరి. వారిలో నెవరిని ఎవరును ఊరు వెడలగొట్టవలసిన పని లేకపోయెను.

చట్టమును మెల్లమెల్లగా ఈ దారినే వచ్చెను. వేఱువేఱు కులముల హిందువుల నడుమ వివాహము చెల్లునని 1949లో శాసనము చేసిరి. వేఱువేఱు మతములవారు మతము మార్చుకొనకయే వివాహమాడుటకు 1954లో ప్రత్యేకవివాహచట్టము వచ్చెను. వయసువచ్చిన యిరువురు ఇష్టపడి చేసికొన్న వివాహమునకు అడ్డుపడుటకు ఏ కులపంచాయతీకిని అధికారము లేదని 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అదే 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఏమి జరిగెనో మీరెఱుగుదురు. కూతురు తక్కువకులమువానిని వివాహమాడెనని ఒక తండ్రి ధనమిచ్చి అల్లుని చంపించెను. గర్భవతియైన కూతురి కన్నులయెదుటనే ఆ హత్య జరిగెను. 2020లో ఆ తండ్రి తన ప్రాణమును తానే తీసికొనెను. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆర్గురికి యావజ్జీవశిక్షయు విధించెను. గౌరవము నిలుచునని చేసిన పనిలో ఏ యింటి గౌరవము నిలిచెను? రెండిండ్లును కూలెను.

కావున మన గ్రామములో ఇట్టి తగవు మనయెదుటకు వచ్చినప్పుడు ఏ కులము, ఎంత కలిమి అని అడుగుటకు ముందు, మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ మూటిని ఖైరున్నిసా బేగము జీవితమే మనకు నేర్పినది.

మొదటిది, వయసెంత? ఆడుపిల్లకు పదునెనిమిది, మగపిల్లవానికి ఇరువదియొకటి నిండక వివాహము లేదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల విషయమున 2012 నాటి పోక్సో చట్టము కఠినమైనది. ఇష్టపడితినని బాలిక చెప్పినను చట్ట మొప్పుకొనదు, పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు చెఱసాల పాలగును. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పుట మన విధి. చిన్నవయసువారైనచో వారికి వలసినది పెండ్లియు గాదు, దండనయు గాదు, కాలము. బాలికను బడి మాన్పించి, ఫోను లాగికొని, దొఱకినవానికి కట్టబెట్టుట గృహప్రవాసమే; బందరునకు పంపుటకును దానికిని భేదము లేదు. ఆమెను మఱల తరగతిగదికి పంపుడు. ప్రేమ నిజమైనదైనచో నాలుగేండ్లు నిలువగలదు.

రెండవది, ఇరువురిలో బలమెవరిది? వయసుచేతగాని, ధనముచేతగాని, కులముచేతగాని ఎవడు పెద్దవాడో, వదలి పోయినచో ఎవనికి నష్టము లేదో, వానిని మొదట నిలువబెట్టి యడుగుడు. ఫోను తెఱమీద ఎవరును తమ బలమును చూపరు; పేరును మార్చి, వయసును తగ్గించి మాటలాడువారును కలరు. పిల్ల తప్పును వెదకుటకంటె ఈ పరీక్ష మేలు.

మూడవది, రేపు ఆమెకు దిక్కెవరు? దిక్కు లేకపోవుటయే ఖైరున్నిసాను చంపినది. తల్లి షరఫున్నిసా మాత్రము తుదివఱకు కూతురి చేయి విడువలేదు; బందరు ఎండలో, ఎదురుచూపులో ఆమె పక్కన కూర్చుండెను. మనము మెచ్చుకొనదగిన పెద్ద ఈ కథయందు ఆమె యొకతెయే.

దివిసీమలోని శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున సాక్షాత్కరించి గోదాదేవి కథ వ్రాయుమనెను గదా. ఆ గోద యెవరు? తులసివనమున దొఱకిన, కులగోత్రములు తెలియని శిశువు. ఆమె తాను ముడిచిన మాలను స్వామికి పంపుచుండ, పెంచిన తండ్రి విష్ణుచిత్తుడు చూచి దుఃఖించెను. కాని కూతురిని వెడలగొట్టలేదు. నిజమేమో తెలియువఱకు ఓర్చెను. తుదకు తానే ఆమెను శ్రీరంగమునకు తోడ్కొనిపోయెను. ధనుర్మాసములో వేకువజామున లేచి మన మామెకు నమస్కరించుచున్నాము. నమస్కరించు మనకు ఆ తండ్రి యోర్పులో పదియవపాలైన నుండవలదా?

ఈసారి కోర్టుపనికో, సంతపనికో బందరు పోయినప్పుడు ఒకమాఱు కోటవైపు నడువుడు. సముద్రముపై గాలి వీచుచుండును. ఆ గాలిలో నిలిచి తన వారినిగూర్చి యెదురుచూచిన ఇరువదిరెండేండ్ల స్త్రీని తలపుడు. మన యింటనో పొరుగింటనో అట్టి యెదురుచూపు మఱొకరికి రాకుండ చూచుట మన చేతిలోనే యున్నది.

స్వస్తి.